రిటర్న్ కిరాయి

చిన్న ట్రక్కు కొనాలనుకునే మనిషి మొదట అడిగేది ఒకటే, ఎంత మోస్తుంది అని. ఏళ్ల తరబడి బండి తిప్పినవాళ్ల నోట ఆ మాట ముందు రాదు. మేడ్చల్‌లో హైవే పక్క అడ్డా మీద నిలబడే ఓనర్లను కదిపి చూడండి. టన్నులు, సీసీలు, మైలేజీ అన్నీ తర్వాత. ముందు వచ్చే మాట, "వచ్చేటప్పుడు ఏం దొరుకుతది?" అని. కొనబోయేవాడు పోయేటప్పటి లోడును ఊహించుకుంటాడు. కొని నాలుగేళ్లయినవాడికి వచ్చేటప్పటి ఖాళీ డబ్బా కనపడుతూ ఉంటుంది. కొన్ని నెలలుగా నన్ను పట్టుకున్న ఆలోచన ఇదే. మా ఇంట్లో ఒక బండి కొనే ముచ్చట నడుస్తోంది కాబట్టి నాకిది ఊరికే పోయే ఆలోచన కూడా కాదు.

మా పిన్ని కొడుకుది శామీర్‌పేట దాటాక మూడుచింతలపల్లి దిక్కు ఒక ఊరు. బోరు కింద మూడెకరాలు. కొత్తిమీర, పాలకూర, మెంతికూర, ఒక పక్కన చామంతి. ఇంతకాలం సరుకంతా కిరాయి బండిలోనే బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోతోంది. కిరాయి ఎక్కువవుతోందని కాదు అతని బాధ. బండి వచ్చే వేళ అతని చేతిలో లేదు. సాయంత్రం కోసిన కొత్తిమీరను కట్టలు కట్టి, నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టా కప్పి రోడ్డు పక్కన పెట్టాక ఇక బండి కోసం చూడటమే పని. బండివాడు ఇంకో రెండు ఊళ్లలో లోడు ఎక్కించుకుని, ఒకచోట మనుషులు దొరక్క ఆగి, ఎప్పటికో వస్తాడు. మార్కెట్‌లో ఆకుకూర ధర పొద్దెక్కుతుంటే దిగిపోతుంది. ఒకే మడిలో పెరిగి, ఒకే చేతులు కోసిన కట్టలే అయినా చీకటితో చేరినదానికి ఒక ధర, తెల్లారాక చేరినదానికి ఒక ధర. ఉల్లిగడ్డ నాలుగు రోజులు ఆగుతుంది, కొత్తిమీర తెల్లారాక నాలుగు గంటలు కూడా ఆగదు.

"సొంత బండి ఉంటే మన పొద్దు మన చేతుల ఉంటదన్నా" అన్నాడు తమ్ముడు. రైతు బండి కొనడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు తెలియదు. పండించేది తనే అయినా అమ్మే వేళను ఇంకొకరు నిర్ణయించడం ఎంత పెద్ద నష్టమో లెక్కల్లో ఎక్కడా రాయరు. రైతు బజార్లు 1999లో పెట్టినప్పుడు దళారిని తప్పించడం గురించే అందరూ మాట్లాడారు. దళారి కంటే ముందు బండి ఉంటుంది. బండి ఎవరిదో వేళ వాళ్లది.

కాకపోతే ఆ వేళకు నెలనెలా కట్టాల్సిన ధర ఒకటుంది. ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాం. 7 లక్షలు అప్పు, 11 శాతం వడ్డీ, 60 నెలలు అనుకుంటే కిస్తీ నెలకు 15,200 దాటుతుంది. ఐదేళ్లలో మొత్తం కట్టేది 9 లక్షల 13 వేలు. 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఏడాదికి 16,049 రూపాయలు, దాని మీద పన్ను వేరే. మన బండికి దెబ్బ తగిలితే వచ్చే ఇన్సూరెన్సుకు ఇంకో కట్టు. టైర్లు, ఆయిలు, ఫిట్‌నెస్ సరేసరి. నెలలో 25 రోజులు బండి కదిలినా, తాళంచెవి తిప్పకముందే రోజుకు 600 పైన కిస్తీ కిందే పోతుంది.

ఊరి నుంచి బోయిన్‌పల్లి పోయి రావడానికి 70 కిలోమీటర్లు వేసుకున్నాం. లీటరుకు 14 లెక్కన 5 లీటర్ల డీజిలు. పోయేటప్పుడు కాలినదాన్ని కొత్తిమీర మీద వేసుకోవచ్చు. వచ్చేటప్పుడు కాలినదాన్ని దేని మీద వేయాలి? కాగితం మీద ఆ గడి దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు పెన్ను పక్కన పెట్టాడు. ఖాళీ బండి డీజిలు కాస్త తక్కువ తాగొచ్చు. కిస్తీకి మాత్రం ఖాళీ, లోడు అనే తేడా లేదు. అదీగాక పొద్దున ఎనిమిదికల్లా మార్కెట్ పని అయిపోతే మిగిలిన పగలంతా బండి చింతచెట్టు కింద నిలబడాలా?

పాతది దొరికితే భారం తగ్గుతుందేమోనని మేడ్చల్‌లో ఒకాయన దగ్గర ఆరేళ్ల బొలేరో పికప్ చూడ్డానికి పోయాం. తమ్ముడు బానెట్ ఎత్తి ఇంజను దగ్గర వంగాడు. నేను వెనక డోరు దించి డబ్బా చూశాను. అడుగు రేకు మధ్యలో సొట్టలు, ఇనుప సామాను పడేసిన గుర్తులు. తాడు కట్టే కొక్కాల దగ్గర పెయింటు మొత్తం పోయి ఇనుము తళతళమంటోంది, ఆరేళ్లు తాడు రాసుకున్న నునుపు అది. మూలల్లో సిమెంటు పొడి నీళ్లు తగిలి గడ్డకట్టింది. దాని సందుల్లో ఎండిపోయిన బంతి రేకులు ఇరుక్కుని ఉన్నాయి. కోడిగుడ్ల ట్రే తాలూకు అట్టముక్క ఒకటి. క్యాబిన్ వెనక జాలీకి ఎవరి పెళ్లి షామియానాదో జరీ పోగు చుట్టుకుని ఉంది. పూలు, సిమెంటు, గుడ్లు, పెళ్లి సామాను. ఈ చుట్టుపక్కల ఈ మధ్య ఏం జరిగిందో ఆ డబ్బాలో ఉంది.

ఓనరు నన్ను గమనించినట్టున్నాడు. తమ్ముడి వైపు తిరిగి, "ఇంజనేం జూస్తవు తమ్మీ, నూనె మంచిగ మారిస్తే అదే నడుస్తది. నువ్వు పొయ్యే తొవ్వల ఎవలున్నరో అది జూస్కో" అన్నాడు. ఆ బండి మాకు కుదరలేదు, చెప్పిన ధర ఎక్కువ. ఆ మాట మాత్రం మాతోపాటు ఇంటికి వచ్చింది.

తొవ్వలో ఎవరున్నారు అనే ప్రశ్నకు ఇక్కడ జవాబు మారుతూ వస్తోంది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట, కీసర చుట్టూ ద్రాక్ష పందిళ్లు ఉండేవి. హైదరాబాద్‌కు పేరు తెచ్చిన అనాబెషాహీ గుత్తులు ఈ నేలలో కాసినవే. అప్పట్లో పండ్లు పోయేవి, ఎరువు, వెదురు, పందిరి తీగ తిరిగి వచ్చేవి. పందిళ్లు పోయి కోళ్ల ఫారాలు వచ్చాయి. కొన్ని ఫారాలు పోయి వెంచర్లు వచ్చాయి. హైవే పొడుగునా గోదాములు లేచాయి. తుర్కపల్లి దిక్కు జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలు, వ్యాక్సిన్ కంపెనీలు. శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ, జవహర్‌నగర్‌లో 2008లో వచ్చిన బిట్స్ పిలానీ క్యాంపస్. వీటన్నిటి చుట్టూ హాస్టళ్లు, క్యాంటీన్లు, ఫంక్షన్ హాళ్లు. ఊళ్లలో పండేది తగ్గి, ఊళ్లకు కావాల్సింది పెరిగింది. రైతుగా నాకు అది బాధే. బండి ఓనరుకు మాత్రం దానర్థం వేరు. పట్నం నుంచి ఇటు వచ్చే సరుకు ఇప్పుడు ఇటునుంచి పోయే సరుకు కంటే ఎక్కువ. అంటే రిటర్న్ కిరాయి ఉంది. దాన్ని ఎవరు పట్టుకుంటారన్నదే తేలాలి.

బండ్లు కూడా ఈ మార్పుతోపాటే వచ్చాయి. మా చిన్నప్పుడు సామాను మోసే మధ్యరకం బండి ఏదైనా డీసీఎమ్మే. 1980లలో జపాన్ కంపెనీలతో పొత్తు పెట్టుకుని చిన్న లారీలు చేసిన నాలుగు కంపెనీల్లో డీసీఎం టొయోటా ఒకటి. స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి ఇంకో రెండు. నాలుగోది మనది, ఆల్విన్ నిస్సాన్. ఫ్రిజ్జులు, వాచీలు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ జహీరాబాద్‌లో ఆ ప్లాంటు పెట్టించింది. ఆ దశాబ్దం చివరికి అది మహీంద్రా చేతికి పోయింది. 2015లో మహీంద్రా తెచ్చిన జీతో అనే బుల్లి ట్రక్కు పుట్టింది కూడా జహీరాబాద్‌లోనే. మన నేల మీద తయారైన బండి మన కొత్తిమీరను మోస్తోందంటే నాకు సంతోషం, అది దాచుకోను.

అసలు మలుపు 2005 మే నెలలో వచ్చిన టాటా ఏస్. ముప్పావు టన్ను మోసే బండి, 700 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, రెండుంబావు లక్షల ధర. అంతకుముందు ఆ బరువంతా మూడు చక్రాల ట్రాలీ ఆటోలదే. ఏస్‌ను రూపొందించేముందు కంపెనీవాళ్లు ట్రాలీ ఆటోవాళ్లను కలిసి ఏం కావాలని అడిగితే, నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో పెళ్లి సంబంధాలు మంచివి వస్తాయని ఒక కుర్రాడు చెప్పాడట. ఆ బండి కథ ఎవరు చెప్పినా ఈ ముచ్చట లేకుండా చెప్పరు. ఇందులో నాకు వింతేమీ కనపడదు. బండితో బతికేవాడు రోజూ పదిమంది గేట్ల ముందు నిలబడతాడు. లోపలికి రానిచ్చే తీరు, వాచ్‌మన్ పలకరించే తీరు బండిని బట్టి మారుతుంది. గౌరవం కోసం అప్పు చేయడం తప్పని సులువుగా అనేవాళ్లు ఆ గేట్ల ముందు నిలబడి ఉండరు.

నాలుగు చక్రాల బండి కొనడానికి ఈ ప్రాంతంలో ఇంకో కారణం కలిసింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో చివరగా పూర్తయిన ముక్క మేడ్చల్ పక్కనున్న కండ్లకోయ జంక్షన్. 2018లో అది తెరిచాక చుట్టు కలిసింది. ఔటర్ మీదికి టూ వీలర్లను, మూడు చక్రాల బండ్లను రానివ్వరు. ట్రాలీ ఆటో ఉన్నవాడు కొంపల్లి, బోయిన్‌పల్లి, అల్వాల్ దాటి పెద్దగా తిరగలేడు. నాలుగు చక్రాలున్నవాడు శామీర్‌పేట దగ్గర ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోగలడు, ఇటు తిరిగితే పటాన్‌చెరు పోగలడు. ఒక్క చక్రం ఎక్కువైనందుకు లోకం ఇంత పెద్దదవుతుంది. టోలు కట్టాలి, నిజమే. ఆ టోలు కూడా పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి.

ఇంత ఆలోచించినా తొవ్వ దొరికింది మాకు కాదు, తమ్ముడి భార్యకు, మా మరదలికి. ఆమె మా లెక్కల కాగితం చూసి, "బావా, మీరిద్దరు పొయ్యే సరుకే రాసిండ్రు. మన ఊర్ల ఉల్లిగడ్డ పండుతదా, ఆలుగడ్డ పండుతదా? కిరాణా దుకాణమాయన అవి యాడికెల్లి తెచ్చుకుంటుండు?" అని అడిగింది. బోయిన్‌పల్లి నుంచే. మా ఊళ్లో పండేది ఆకు, ఊరు తినేది గడ్డ. ఉల్లిగడ్డ కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో, ఆలుగడ్డ ఉత్తరాది నుంచో పెద్ద లారీల్లో మార్కెట్‌కు వస్తాయి. అక్కడి నుంచి ఊళ్లకు ఎవరి తిప్పలు వాళ్లవి. ఒక కిరాణా ఆయన మూడు బస్తాలకు ఆటో మాట్లాడుకుంటాడు. పక్క ఊరి ఆయన ఇంకో ఆటో. తమ్ముడు దించే చోటికి, వాళ్లు కొనే చోటికి మధ్య దూరం ఒక గోడ. ఇన్నేళ్లు అదే మార్కెట్‌కు పోతూ వస్తూ ఆ గోడ అవతల ఏముందో మేం కిరాయి లెక్కలో చూడలేదు.

మరదలు అక్కడితో ఆగలేదు. మూడు ఊళ్ల కిరాణావాళ్లకు ఫోన్లు చేసింది. ఒక కంపెనీ క్యాంటీన్‌కు కూరగాయలు వేసే కాంట్రాక్టరు నంబరు ఎవరి దగ్గరో సంపాదించింది. కోళ్ల దాణా, డ్రిప్పు పైపులు, విత్తనాల సంచులు, ఏది ఎవరు ఏ రోజు తెచ్చుకుంటారో అడిగి, పిల్లల నోటుబుక్కు వెనక రాసుకుంది. నేను చదివిన ఏ షోరూం కరపత్రంలోనూ అంత పనికొచ్చే పేజీ లేదు.

ఆమె రాసిన ఆ పేజీయే చివరికి ఏ బండి అన్నదీ తేల్చింది. కొత్తిమీర బరువుండదు, జాగా తింటుంది. నలగకుండా పేర్చాలంటే డబ్బా పొడవు కావాలి. ఉల్లిగడ్డ జాగా తినదు, బరువుంటుంది. 50 కిలోల బస్తాలు 20 వేస్తే టన్ను. ఏస్ డబ్బా ఏడడుగుల పైచిలుకు, మోసేది 750 కిలోలు, అంటే 15 బస్తాలు. టాటా ఇంట్రా వీ30 డబ్బా దాదాపు తొమ్మిదడుగులు, 1,300 కిలోలు, అంటే 26 బస్తాలు. దోస్త్, బొలేరో పికప్ మోడల్‌ను బట్టి అటూ ఇటుగా. పోయే సరుకు డబ్బా ఎంత పొడవుండాలో చెప్పింది, వచ్చే సరుకు ఎన్ని కిలోలు మోయాలో చెప్పింది. ఎంత మోస్తుంది అన్న ప్రశ్న చెడ్డదేమీ కాదు. జవాబు మాత్రం రిటర్న్‌లో దొరుకుతుంది.

ఇది తెలిశాక షోరూంలో బండి చూసుకునే పని తొందరగా అయింది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టంలో పర్మిట్ అక్కర్లేదు, ఆ గీత లోపలే ఉండాలని అనుకున్నాం. తమ్ముడికి ఉన్నది కారు లైసెన్సు. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి తేల్చింది కాబట్టి ఆ చిక్కు లేదు. గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతమైంది. కొత్తదా పాతదా అన్న మా ఊగులాటకు అది కొంత తెరదించింది.

డిస్కౌంటు, ఎక్స్‌ఛేంజి గురించి నేను రాయను, అవి వారానికోరకం మారతాయి. ఒక్కమాట మాత్రం చెప్పాలి. కొత్త బండి ఇంటికి రాగానే చాలామంది పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, శామీర్‌పేట కట్టమైసమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టి, అక్కడి నుంచి నేరుగా కమాన్ పట్టీలు వేసేవాడి దగ్గరికి పోతారు. కంపెనీ ఇచ్చిన పట్టీలకు ఇంకో పట్టీ జతచేసి టన్ను బండిలో టన్నున్నర వేస్తారు. పట్టీ కలిపితే వెనక కుంగదు. బ్రేకులు మాత్రం కంపెనీ ఇచ్చినవే ఉంటాయి, టైర్లు అవే ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఏమీ దొరకదన్న భయంతోనే పోయేటప్పుడు రెండు ట్రిప్పుల సరుకు ఒకటే ట్రిప్పులో కుక్కుతారు. ఓవర్‌లోడ్‌కు అత్యాశ అని పేరు పెడతారు గానీ, నేను మాట్లాడిన ఓనర్లలో చాలామందిది ఖాళీ భయమే.

ఖాళీ వల్ల వచ్చే ఇంకో ప్రమాదం ఇంతకంటే పెద్దది. డబ్బా ఖాళీగా కనపడితే మనుషులు ఎక్కుతారు. కైకిలికి పోయే ఆడవాళ్లను పొద్దున తోటల దగ్గర దించి, సాయంత్రం మళ్లీ ఎక్కించుకొస్తారు. జాతరలకు, పెళ్లిళ్లకు, కొమురవెల్లికి, వినాయక నిమజ్జనానికి బండి నిండా జనం. కూర్చునే సీటు లేదు, పట్టుకునే కడ్డీ లేదు. ఒక్క మూలమలుపు చాలు. ఓనర్లు దీన్ని కిరాయిగా కూడా చూడరు, సాయంగా చూస్తారు. తెలిసినవాళ్లే కదా, ఎండలో నడిచిపోతున్నారు కదా అంటారు. ఆ మంచితనాన్ని నేను కాదనను. కానీ చట్టం ఏం చెబుతోందో ప్రతి ఓనరుకూ తెలియాలి. సరుకు యజమాని, లేదా ఆయన తరఫు మనిషి, తన సరుకుతోపాటు బండిలో వస్తే 1994 సవరణ తర్వాత ఇన్సూరెన్సు రక్షణ ఉంది. ఊరికే ఎక్కినవాళ్లకు లేదని 2002లో ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ప్రమాదం జరిగితే ఆ కూలీ ఇంటికి రావాల్సిన పరిహారం కోసం ఓనరు ఇల్లు అమ్ముకోవాలి, లేదా ఆ కూలీ కుటుంబం ఉత్త చేతులతో మిగలాలి. కూలీల బండ్లు బోల్తాపడ్డ వార్తలు మనం పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? మిర్చి ఏరడానికి, పత్తి తీయడానికి పోయిన ఆడవాళ్లే ఆ వార్తల్లో ఎక్కువ. వాళ్లకు ఊరి నుంచి తోట దాకా పోవడానికి సీటున్న బండి లేకపోవడమే అసలు రోగం. దాన్ని బండి ఓనరు మీద ఒక్కడి మీదే మోపడం న్యాయం కాదు, అయినా తాళంచెవి ఓనరు చేతిలోనే ఉంటుంది. ఈ విషయంలో తమ్ముడి దగ్గర నేను మాట తీసుకున్నాను. డబ్బాలో మనుషులు ఎక్కరు, మా ఇంటి మనుషులైనా సరే.

మా మేనకోడలు డల్లాస్‌లో ఉంటుంది. వాళ్లాయన కిందటేడు నాలుగున్నర అడుగుల డబ్బా ఉన్న చిన్న పికప్ కొన్నాడు. రోజూ ఆఫీసుకు దాంట్లోనే పోతాడు, ఎప్పుడైనా ఆదివారం మొక్కలో మంచమో తెచ్చుకుంటాడు. మన శామీర్‌పేట ఫాంహౌస్‌ల దగ్గర కూడా వారాంతాల్లో ఇసుజు వీ-క్రాస్‌లు కనపడుతున్నాయి. శ్రీసిటీలో 2016లో తెరిచిన ప్లాంటులో తయారయ్యే బండి అది, తెల్ల నంబరు ప్లేటుతో కారులాగే తిరుగుతుంది. జపాన్‌లో సంగతి వేరు. అక్కడ 660 సీసీ దాటని బుల్లి ట్రక్కులు, 350 కిలోలే మోస్తాయి, ఊళ్లలో రైతుల కొట్టాల్లో అవి మామూలు. సుజుకి క్యారీ 1961 నుంచి వస్తోంది. వీళ్లెవరికీ రిటర్న్ బెంగ లేదు. అమెరికాలో బండి ఖర్చు జీతం భరిస్తుంది, జపాన్‌లో పొలంతోపాటు బండి ఒక పనిముట్టు. మన దగ్గర పసుపు నంబరు ప్లేటు పడ్డ రోజు నుంచి బండి తన కిస్తీ తానే సంపాదించుకోవాలి. అందుకే ఇతర దేశాల సమీక్షలు చదివి, ఇంజను బలం గురించి, సీటు మెత్తదనం గురించి మనవాళ్లు మాట్లాడుకోవడం నాకు అంతగా నచ్చదు. సీటు మెత్తగా ఉండాలి, కాదనను. తెల్లవారుజామున మూడింటికి నిద్రలేచి కూర్చునేవాడికి ఆ మెత్తదనం అవసరమే. కానీ అది ముప్పయ్యో ప్రశ్న.

కరెంటు బండి సంగతి కూడా అనుకున్నాం. టాటా ఏస్ ఈవీ 2022లో వచ్చింది, ఇప్పుడు టన్ను మోసేదీ ఉంది. రోజూ ఒకే తొవ్వ, ఒకే దూరం, రెండు దిక్కులా లోడు ఉంటే దానంత లాభం ఇంకోటి లేదు. మా ఊరి కరెంటు తీరు చూసి తమ్ముడు వెనక్కి తగ్గాడు. ఇంకో ఐదేళ్ల తర్వాత కొనేవాడు తగ్గకపోవచ్చు.

రిటర్న్ కోసం యాప్‌లలో చేరమని అడ్డా మీద కుర్రాళ్లు చెప్పారు. పట్నంలో ఉండి తిరిగేవాళ్లకు అవి బాగానే పనికొస్తున్నాయి. మాకు కావాల్సింది మూడుచింతలపల్లి దాకా వచ్చే లోడు. అలాంటి లోడు యాప్‌లో కంటే మరదలి నోటుబుక్కులోనే ఎక్కువ ఉంది. అక్కడ పేర్లకు ఎదురుగా, డబ్బులు వెంటనే ఇచ్చేవాళ్లెవరో, నెలాఖరు దాకా తిప్పేవాళ్లెవరో కూడా రాసి ఉంది.

ఇప్పటికి తేలింది ఇది. సోమ, గురువారాలు మూడు ఊళ్ల కిరాణాలకు ఉల్లిగడ్డ, ఆలుగడ్డ. మంగళ, శుక్రవారాలు తుర్కపల్లి దిక్కు క్యాంటీన్ కాంట్రాక్టరు సరుకు. బుధవారం మేడ్చల్ నుంచి కోళ్ల దాణా, దానికి మార్కెట్ నుంచి హైవే ఎక్కి చుట్టు తిరిగి రావాలి, అయినా గిట్టుతుంది. ఆదివారం బండికి సెలవు. షోరూంలో అడ్వాన్సు కట్టొద్దామని తమ్ముడు తొందరపడుతున్నాడు. శనివారం కూడా కుదిరినంకనే అని మరదలు ఆపింది. శామీర్‌పేట రోడ్డు మీద నర్సరీ నడిపే ఒకామెకు ఆదివారం గిరాకీ కోసం శనివారమే పట్నం నుంచి కుండీలు, కొబ్బరి పీచు రావాలట. నిన్న ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. కుండీ ఒక్కటి పగిలినా కిరాయిలో పట్టుకుంటానని ఆమె షరతు. కింద గడ్డి పరిచి తెస్తాం, పగలదని మరదలు హామీ. ఆమె ఐదొందలు ఇస్తానంటోంది. మరదలు ఆరొందల దగ్గర నిలబడింది.